తప్పుకునే మనిషి

దుప్పట్ల బండి మళ్లీ అదే మూల దగ్గర ఆగింది.

తెర మీద అది ఉత్త ఎర్ర చుక్క. ఆస్పత్రి కింది అంతస్తంతా తెల్లటి గీతల్లో పరిచి ఉంది. గీతల మధ్య చుక్కలు కదులుతున్నాయి. ఒక్కో చుక్క ఒక్కో తోపుడు బండి. భోజనాలది ఒకటి, మందులది ఒకటి, ఆక్సిజన్ సిలిండర్లది ఒకటి, దుప్పట్లది ఒకటి. బండికి కట్టిన ట్యాగ్ ఎటు కదిలితే చుక్క అటు కదులుతుంది. వేళకు నడిచే చుక్క పచ్చగా ఉంటుంది, వెనకబడితే ఎర్రబడుతుంది. కొన్నాళ్లుగా ఎర్రబడుతున్నది దుప్పట్ల బండి ఒక్కటే.

పక్కనే ఇంకో తెర ఉంది. అందులో నడిచేవి ఉత్తుత్తి చుక్కలు. ఎవరు ఏ దారిన వెళ్లాలి, ఎంత వేగంగా తొయ్యాలి, ఎక్కడ దించాలి అని తెర ముందు కూర్చున్న ఆమె రాసిపెట్టిన నియమాల ప్రకారం అవి బుద్ధిగా తిరుగుతుంటాయి. ఆ తెరలో దుప్పట్ల బండి ఎప్పుడో వార్డుకు చేరి, ఖాళీ అయి, తిరుగుదారి కూడా పట్టింది. నిజం బండి మాత్రం ఇంకా మూల దగ్గరే ఉంది.

ఎంత ఎత్తునుంచి చూడాలన్నదే ఈ పనిలో మొదటి తగువు. మరీ పైనుంచి చూస్తే ఆస్పత్రి గొట్టాల్లో పారే నీళ్లలా కనిపిస్తుంది, ఎవరు ఎవరో తెలియదు. మరీ కిందికి దిగితే ఒకడి మోకాళ్ల నొప్పి, ఇంకొకడి చెప్పు తెగడం కూడా లెక్కలోకి తేవాలి, కంప్యూటరు చేతులెత్తేస్తుంది. అందుకని ఆమె మధ్యలో ఆగింది. మనిషికి ఒక చుక్క, చుక్కకు కొన్ని నియమాలు. చుక్కకు పొడవు లేదు, వెడల్పు లేదు. రెండు ఎదురుపడితే ఒకదానిలోంచి ఒకటి హాయిగా దాటిపోతాయి. కంప్యూటరులో కట్టే ఇలాంటి మోడల్ అంటే కావాలని మరిచిపోవడమేనని కొత్తగా చేరినవాళ్లకు చెప్పేది ఆమె. ఏది మరిచిపోవచ్చో తెలియడమే పనితనం అనేది. ఈ మాట చెప్పేటప్పుడు ఆమెకు తనమీద తనకు కాస్త ముచ్చటగానే ఉండేది.

"మళ్లీనా?"

మేనేజరు వెనక వచ్చి నిలబడ్డాడు. ఆయన ఎప్పుడొచ్చినా ముందు టీ వాసన వస్తుంది, దాని వెనకే అనుమానం వస్తుంది.

"మళ్లీనే సార్. ఆ మలుపు దగ్గరే."

"ఆ మలుపు పక్కన ఏముందో తెలుసా నీకు? వెనక వీధిలోకి తలుపు." ఆయన టీ గ్లాసు బల్లమీద పెట్టాడు. "స్టోర్లో దుప్పట్లు తగ్గిపోతున్నాయని గోల. ఎవర్ని అడిగినా మాకు తెలీదంటారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం. ఒక్కసారి వెనక్కి తిప్పు, చూద్దాం."

ఆమె వెనక్కి తిప్పింది. నిన్నటిది, మొన్నటిది, అంతకు ముందుది. చుక్క మలుపు దగ్గరకు వస్తుంది, ఆగుతుంది, కాసేపటికి కదులుతుంది. రెండు మూడుసార్లు చూశాక ఆమెకు ఇంకొకటి కనిపించింది.

"సార్, ఆగిన ప్రతిసారీ పక్కన ఇంకో చుక్క ఉంటోంది."

మేనేజరు వంగాడు. నిజమే. దుప్పట్ల చుక్క ఒంటరిగా ఎప్పుడూ ఆగలేదు. ఒకసారి భోజనాల చుక్క, ఒకసారి సిలిండర్ల చుక్క, ఒకసారి మందులది. ఎవరో ఒకరు దాని పక్కకు వస్తారు, రెండూ ఒక్క క్షణం ఒకటైనట్టు కనిపిస్తాయి. ఆ వచ్చింది వెళ్లిపోయాక గానీ దుప్పట్ల చుక్క కదలదు.

"చేతులు మారుతున్నాయి," అన్నాడు మేనేజరు మెల్లగా. "నువ్వేమంటావ్?"

ఆమె ఇంకోసారి వెనక్కి తిప్పింది. ఆ చుక్కను చూస్తుంటే, కిటికీ అద్దం వెనకనుంచి దొంగను చూస్తున్నట్టే అనిపించింది.

కింది అంతస్తుకు దిగే పని ఆమెకు ఎప్పుడూ పడలేదు. కట్టడం ప్లాను ఆఫీసులోనే ఉంది, ట్యాగులు చెప్పేవన్నీ తెరమీదకే వస్తాయి. కింద బండ్లు తోసేవాళ్లు ఆమె ముఖం చూడకుండానే ఆమెకు చుక్కలమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు భోజనాలక్క ద్వారా పైకి చేరింది. భోజనాల బండి తోసే ఆమెను అందరూ అలాగే పిలుస్తారు. ఆఫీసువాళ్ల మధ్యాహ్నం భోజనాలు తెచ్చేదీ ఆమే కాబట్టి పైకీ కిందికీ రాకపోకలున్న మనిషి ఆమె ఒక్కతే.

ఆ మధ్యాహ్నం ఖాళీ పళ్లేలు సర్దుకుని భోజనాలక్క లిఫ్టులోకి బండి తోస్తుండగా చుక్కలమ్మ వెనకే వెళ్లింది.

"అక్కా, ఒక్కమాట. దుప్పట్లాయన ఎలాంటి మనిషి?"

భోజనాలక్క నవ్వింది. "ఎందుకమ్మా? సంబంధం చూస్తున్నారా?"

"కాదక్కా. కింద ఆ మలుపు దగ్గర ఆయన అస్తమానం..."

"ఓ, అదా! ఆయన అంతేనమ్మా. తప్పుకుంటాడు."

"తప్పుకుంటాడా?"

"మొదట్నించీ అంతే. అదో..." అంటుండగా లిఫ్టు తలుపులు మూసుకున్నాయి. ఆ సందులో ఆఖరుగా కనిపించింది భోజనాలక్క నవ్వు. ఆ నవ్వులో ఏదో దాపరికం ఉందని ఆమెకు తోచింది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. ఆమెకు ఆ రోజు లోకమంతా ఎర్రగా కనిపిస్తోంది.

వెళ్లి మేనేజరుకు ఉన్నదున్నట్టు చెప్పింది. "పనినుంచి తప్పుకుంటాడట సార్. తోటివాళ్లే అంటున్నారు." 'పనినుంచి' అన్న మాట భోజనాలక్క అనలేదు. అది తనంతట తానే వచ్చి వాక్యంలో కూర్చుంది. ఆ సంగతి ఆమె గమనించలేదు.

మర్నాడు పొద్దున్నే దుప్పట్లాయనను పైకి పిలిపించారు.

పొట్టి మనిషి. జుట్టు నెరిసింది, చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి ఉన్నాయి. గుమ్మంలోకి వచ్చేసరికి సూపర్‌వైజర్ ఫోను మాట్లాడుతూ ఎదురొచ్చాడు. దుప్పట్లాయన చటుక్కున తలుపుకు అంటుకుపోయి, పొట్ట లోపలికి పీల్చి దారిచ్చాడు. తప్పు చేసినవాడి ఒదుగుడు ఇలాగే ఉంటుంది అనుకుంది ఆమె.

సూపర్‌వైజర్ ఫోను జేబులో వేసుకుని వెనక్కి వచ్చి మేనేజరు పక్కన నిలబడ్డాడు. కింది అంతస్తు అతని చేతికిందే ఉంది. అయితే అతని అధికారమంతా సరుకు దిగే గేటు పక్క గదిలో ఫ్యాను కిందే సాగుతుంది.

"ఆ మలుపు దగ్గర ఎందుకు ఆగుతున్నావ్?" అన్నాడు మేనేజరు.

"ఆగకపోతే ఎలా సార్?"

"ఎదురు ప్రశ్న వద్దు. అక్కడ ఎవర్ని కలుస్తున్నావ్?"

"అందరూ కలుస్తారు సార్. దారి కదా."

"అందరూనా!" మేనేజరు సూపర్‌వైజర్ వైపు చూశాడు. సూపర్‌వైజర్ తల పంకించాడు. "చూడు పెద్దాయనా, నువ్వు తప్పుకుంటున్నావని నీతో పనిచేసేవాళ్లే చెప్తున్నారు. అవునా, కాదా?"

దుప్పట్లాయన ముఖంలో ఒక్కసారిగా వెలుగొచ్చింది. ఇంతసేపటికి తనకు తెలిసిన మాట ఒకటి వినపడ్డట్టుంది. కొంచెం సిగ్గుపడ్డాడు కూడా.

"అవున్సార్. తప్పుకుంటాను. ఎప్పుడూ నేనే తప్పుకుంటా. తప్పుకోకపోతే మరి..."

"చాలు." మేనేజరు చెయ్యెత్తాడు.

"ఒప్పుకున్నాడు సార్," అన్నాడు సూపర్‌వైజర్.

విచారణ తేలేదాకా పనిలోకి రావద్దన్నారు. గుర్తింపు కార్డు బల్లమీద పెట్టి వెళ్లమన్నారు. ఆయన మెడలోంచి కార్డు తీశాడు. తాడు చెవికి చిక్కుకుంటే నెమ్మదిగా విడిపించుకున్నాడు. కార్డు బల్లమీద పెట్టాక కూడా దానిమీదనుంచి చెయ్యి తియ్యలేదు.

"ఈ వయసులో ఇంకెవరిస్తారు సార్ నాకు బండి?" అన్నాడు. ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, నేను చేసిన తప్పేంటి?"

ఆమె తెర వైపు చూసింది. తెరలో దుప్పట్ల చుక్క గేటు దగ్గర కదలకుండా ఉంది.

మర్నాటినుంచి దుప్పట్ల బండి తోసేందుకు కొత్త మనిషి వచ్చాడు. సూపర్‌వైజర్ బావమరిదట. ఖాళీ ఇంకా పూర్తిగా ఖాళీ కాకముందే బావమరిది ఎలా దొరికాడా అని ఆమెకు చురుక్కుమంది. అయితే చుక్క మాత్రం మలుపు దగ్గరకు దూకుడుగా, పచ్చగా వచ్చింది. మేనేజరు టీ తాగుతూ చూసి, "ఇన్నాళ్లూ మనం ఎవర్ని మోశామో చూడు," అన్నాడు.

ఆ సంతోషం మధ్యాహ్నందాకా నిలవలేదు. సిలిండర్ల చుక్క మలుపు దగ్గర ఎర్రబడింది. తర్వాత భోజనాలది. తర్వాత మందులది. ఆ వెంటనే కొత్తవాడి చుక్క కూడా. ఒకటి ఆగితే దాని వెనక ఇంకొకటి. ఇన్నాళ్లూ ఒక్కటే ఉన్న ఎరుపు ఇప్పుడు దారి పొడుగునా వ్యాపించింది. వార్డులనుంచి ఫోన్లు మొదలయ్యాయి. భోజనాలు చల్లారిపోయి వస్తున్నాయట. ఆపరేషన్ గదికి దుప్పట్లు అందక నర్సు తిట్టిపోసిందట. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే.

"కుమ్మక్కు," అన్నాడు మేనేజరు. "వాణ్ణి పంపేశామని అందరూ కలిసి కావాలనే చేస్తున్నారు. వాటా పోయిందని కడుపుమంట. గుమ్మడికాయల దొంగ అంటే వీళ్లంతా భుజాలు తడుముకుంటున్నారు." గొంతు తగ్గించాడు. "నాకు రేపు సాయంత్రానికల్లా తేల్చి చెప్పు. మొదట ఎవరు ఆగుతున్నారు, ఎవరు ఎవరి కోసం ఆగుతున్నారు. మొత్తం బ్యాచ్‌ని మార్చేస్తాను. దుప్పట్లాయన సంగతీ రేపటితో ముగించేద్దాం. ఇంటికి ఉత్తరం పంపితే సరి."

ఆమె మళ్లీ వెనక్కి తిప్పి చూసింది. చుక్కలు జతలు జతలుగా నిలబడి ఉన్నాయి, గుసగుసలాడుతున్నట్టు. నలుగురు ఒకచోట నిలబడితే కుట్రలాగే కనిపిస్తుంది పైనుంచి. అయినా ఏదో నలక కంట్లో పడ్డట్టు ఉంది. దొంగలు పట్టుబడ్డాక ఆ చోటు వదిలేస్తారు గానీ, పగలంతా అక్కడే కాపురం పెడతారా?

అనుమానం చెప్పులతోపాటు గుమ్మం బయట విడిచి వచ్చేది కాదు. ఆ సాయంత్రం ఆమెతోపాటే ఇంట్లోకి వచ్చింది. భర్త ఫోను బోర్లా పెట్టి ఉంటే ఎందుకు బోర్లా పెట్టాడా అనుకుంది. కూతురు అడగకుండానే చదువుకుంటుంటే ఏం కొంప ముంచిందోనని పుస్తకం ఎత్తి చూసింది.

వంటిల్లు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఒక చివర పొయ్యి, ఒక చివర సింకు. పొయ్యి దగ్గర ఆమె, సింకు దగ్గర అత్తగారు ఉన్నారు. భర్త పళ్లెం పట్టుకుని మధ్యలోకి వచ్చాడు.

"రేపు అత్తయ్యని కళ్ల డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు?" అంది ఆమె. "నాకు రేపు ఊపిరాడదు."

"అదేంటి, నువ్వు తీసుకెళ్తానన్నావుగా," అంది అత్తగారు.

"నేనెప్పుడన్నాను అత్తయ్యా?"

"మొన్ననే అన్నావు. మళ్లీ అనలేదంటావేం?"

మాట పెరిగేలా ఉంది. ఆమె చేతిలో గరిటెతో ఇటు కదిలింది, అత్తగారు గిన్నెతో అటు కదిలింది. భర్త వీపు ఫ్రిజ్‌కు ఆనించి, పళ్లెం గుండెల మీదకు ఎత్తుకుని నిలబడ్డాడు. ఇద్దరూ అతని ముందునుంచి దాటిపోయాక, "నేను సెలవు పెడతాలే," అని గొణిగి హాల్లోకి జారుకున్నాడు.

"చూశారా! మీ అబ్బాయి మళ్లీ తప్పుకున్నాడు," అంది ఆమె.

అత్తగారు గిన్నె తోముతూనే నవ్వింది. "వాడు తప్పుకోబట్టే కదే అమ్మాయ్, ఇంత ఇరుకు వంటింట్లో ఇద్దరం ఇన్నేళ్లుగా పొట్లాడుకోకుండా వెళ్తున్నాం. ముగ్గురమూ ఎదురెదురుగా నిలబడితే గిన్నెలు నెత్తిన పడవూ?"

"నేనన్నది అది కాదు అత్తయ్యా. పనినుంచి..." అంటూ ఆమె ఆగిపోయింది.

గరిటెలోంచి చారు పొయ్యిమీద పడి చుయ్యిమంది. ఎప్పుడూ నేనే తప్పుకుంటా, అన్నాడు దుప్పట్లాయన. ఎంత వెలుగు ఆ ముఖంలో! ఆ మాట అంటూ ఏ దొంగైనా అలా సిగ్గుపడతాడా?

"మాడుతోంది చూడు," అంది అత్తగారు.

మర్నాడు ఆమె తన గదికి వెళ్లలేదు. తిన్నగా కిందికి దిగింది.

సబ్బు వాసన, ఉడికిన అన్నం వాసన, తడి ఇనుము వాసన కలగలిసి ముక్కుకు తగిలాయి. ప్లానులో దారి రెండు బండ్లు పక్కపక్కన పట్టేంత వెడల్పు. నిజంగానూ అంతే వెడల్పుంది, ఒక్క మలుపు దగ్గర తప్ప. అక్కడ దారిలోకి చొచ్చుకుని లావుపాటి సిమెంటు స్తంభం ఉంది. పైన కొత్తగా పెట్టిన స్కానింగ్ మెషిను బరువు మొయ్యడానికి తర్వాత లేపిన స్తంభం. ప్లాను అంతకుముందుది. స్తంభానికీ గోడకూ మధ్య ఒక్క బండి పడుతుంది. వెనక వీధి తలుపు తీసి చూద్దామంటే దానికి అడ్డంగా పలకలు కొట్టేసి ఉన్నాయి, వాటిమీద సున్నం కూడా వేశారు.

ఆమె చూస్తుండగానే అటునుంచి సిలిండర్ల బండి, ఇటునుంచి బావమరిది దుప్పట్ల బండి ఎదురుపడ్డాయి.

"వెనక్కి తీయ్," అన్నాడు సిలిండర్లాయన.

"నువ్వు తీయ్. ముందొచ్చింది నేను."

"ఇనుమయ్యా ఇది! నీది గుడ్డలేగా!"

"గుడ్డలైతే? నాకు లేటవ్వదా?"

భోజనాలక్క బండి సిలిండర్ల వెనక ఆగింది. దాని వెనక ఒక స్ట్రెచర్ వచ్చి ఆగింది. దానిమీద ఒక ముసలామె తన సెలైను సీసాను తనే పొట్టమీద పట్టుకుని, "బాబూ, కాస్త దారియ్యండి నాయనా," అంటోంది. ఎవరికీ వినపడటం లేదు.

భోజనాలక్క స్తంభం పక్కన నిలబడ్డ ఆమెను చూసింది. "అరె, చుక్కలమ్మ! దిగొచ్చారే!" అంది. వెంటనే నవ్వు మాయమైంది. "చూశారుగా తల్లీ మా తిప్పలు. ఆయనుంటే ఈ గోలే లేదు. ఎవరొచ్చినా బండి స్తంభం వెనక్కి లాగి, గోడకి అంటుకుపోయేవాడు. ముందు జబ్బు మనిషి, తర్వాత అన్నం, తర్వాత ఇనుము, ఆఖర్న నా గుడ్డలు, అనేవాడు."

"ఆ రోజు నాతో ఈ ముక్క చెప్పలేదేం అక్కా?"

"చెప్పాగా! తప్పుకుంటాడని చెప్పాగా!"

"మరి తగ్గిపోయిన దుప్పట్లు?" అంది ఆమె.

"అవెక్కడికి పోతాయమ్మా! దుప్పట్లు లేటుగా వస్తాయేమోనని ప్రతి వార్డువాళ్లూ నాలుగేసి బీరువా వెనక దాచుకుంటారు. పక్క వార్డు దాచిందని వీళ్లు, వీళ్లు దాచారని వాళ్లు. అన్నం పెట్టడానికి వెళ్తే నాకు కనపడవా? నన్నెవరూ అడగలేదు."

ఆమె పైకి వెళ్లి చుక్కలకు వెడల్పు ఇచ్చింది. ప్లానులో స్తంభం పెట్టింది. ఒకదానిలోంచి ఒకటి దాటిపోకూడదని రాసింది. మరుక్షణం ఉత్తుత్తి చుక్కలన్నీ మలుపు దగ్గర బిగుసుకుపోయాయి, కింద ఇప్పుడు ఉన్నట్టే. అప్పుడు దుప్పట్ల చుక్క ఒక్కదానికి దుప్పట్లాయన నియమం రాసింది. ఎవరొచ్చినా పక్కకు జరుగు, వాళ్లు వెళ్లాక కదులు. ముడి విప్పినట్టు దారి తెరుచుకుంది. ఆ ఒక్క చుక్క ఎర్రగా, మిగతావన్నీ పచ్చగా నడిచాయి. కొన్నాళ్ల కిందటి నిజం తెరా, ఇవాళ్టి ఉత్తుత్తి తెరా పక్కపక్కన పెడితే తేడా లేదు. ఏడుపొచ్చింది ఆమెకు. తన పని ఇంత చక్కగా కుదిరినప్పుడు ఏడుపు రావడం అదే మొదటిసారి.

మేనేజరు చాలాసేపు చూశాడు. "అంటే తప్పు మన మోడల్‌దా?"

"నాది సార్."

"సర్లే. రమ్మను అతన్ని." ఉత్తరం చించి బుట్టలో వేశాడు. సూపర్‌వైజర్ బావమరిది చీపురు పనికి మారాడు.

దుప్పట్లాయన పనిలోకి వచ్చిన రోజు ఆమె స్తంభం దగ్గర నిలబడింది. ఆయన వచ్చాడు. కార్డు మెడలో ఉంది, చొక్కా చేతులు మడిచే ఉన్నాయి. బండిలో దుప్పట్లు గడ్డందాకా పేర్చి ఉన్నాయి.

"నావల్ల పొరపాటు జరిగింది," అంది ఆమె. "మిమ్మల్ని మనస్ఫూర్తిగా..."

"మీరేం చేస్తారమ్మా. మీకు కనపడింది మీరు చెప్పారు." మాట మెత్తగానే ఉంది. కళ్లు మాత్రం ఆమె చేతుల్ని చూస్తున్నాయి, వాటిలో ఏదైనా ఉందేమోనన్నట్టు. "ఇప్పుడు నేను ఇక్కడ ఆగి మీతో మాట్లాడుతున్నాను కదా. అది కూడా పైన కనపడుతోందా?"

ఆమె జవాబు చెప్పేలోపు అటునుంచి భోజనాల బండి వచ్చింది. అన్నం ఆవిరి ముందుగా వచ్చింది. భోజనాలక్క ముఖం విప్పారింది. ఆయన ఎలాగూ జరుగుతాడన్న ధీమాతో వేగం తగ్గించకుండానే వచ్చింది.

ఆయన జరగలేదు. రెండు చేతులూ బిగించి తిన్నగా తోశాడు.

"అన్నా! అన్నా, ఆగు!"

భోజనాలక్క ఆఖరు క్షణంలో ఆపింది. గిన్నెల మూతలు గలగలమన్నాయి, పులుసు తొణికి ఆమె చేతిమీద పడింది. చెయ్యి విదిలించుకుంటూ, మొహం ముడుచుకుని, బండి వెనక్కి లాక్కుంది. చుక్కలమ్మ గోడకు అంటుకుపోయి, ఊపిరి బిగబట్టి దారిచ్చింది. బండి ఆమె చీర అంచును రాసుకుంటూ దాటిపోయింది.

"ఏంటన్నా ఇది? ఇవాళ తప్పుకోలేదేం?"

ఆయన వెనక్కి తిరగలేదు. "ఒకసారి తప్పుకుంటానని ఒప్పుకున్నానమ్మా. చాలు."

ఆమె పైకి వచ్చేసరికి మేనేజరు టీ గ్లాసుతో రెండు తెరల ముందూ నిలబడి ఉన్నాడు. ఉత్తుత్తి తెరలో దుప్పట్ల చుక్క మలుపు దగ్గర పక్కకు జరిగి, ఆమె నేర్పినట్టే ఓపికగా ఆగింది. నిజం తెరలో భోజనాల చుక్క ఎర్రబడి ఉంది, దాని వెనక మందులది కూడా ఎర్రబడుతోంది. దుప్పట్ల చుక్క మాత్రం పచ్చగా, ఎక్కడా ఆగకుండా వార్డు వైపు వెళ్తోంది.

"చూశావా," అన్నాడు మేనేజరు సంతోషంగా. "దారికొచ్చాడు."